డిస్కౌంట్ అని చెప్పి ఇచ్చెయ్

పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా ఉండే మందుల షాపుల్లో ఒకదాని దగ్గర, పోయిన ఎండాకాలంలో, ఒక పెద్దాయనకు సాయం చేయబోయి ఆయన్ని అవమానించి వచ్చాను. కావాలని చేసింది కాదు. అందుకే ఇంకా మనసులోంచి పోలేదు.

ఆయన వరసలో నాకంటే ముందున్నాడు. మాసిన తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన ఓపీ చీటీ. షాపతను మందులన్నీ కౌంటర్ మీద పరిచి, కాలిక్యులేటర్ నొక్కి, 410 అన్నాడు. ఆయన లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరొకటి తీసి, నోట్లు బయటికి తియ్యకుండా కవర్లోనే లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, పక్కవాళ్లకు వినపడకుండా, "ఆ బలం బిళ్లలు తీసెయ్ బాబూ" అన్నాడు. తీసేశాడు. చాల్లేదు. "గ్యాస్ బిళ్లలు కూడా వద్దులే, ఇంట్లో ఉన్నయ్." ఇంకా చాల్లేదు. "బీపీవి పది రోజులకే ఇయ్యి, మిగతావి మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటా." షాపతను కత్తెర తీశాడు.

సరిగ్గా అప్పుడు నేను నోరు తెరిచాను. "ఎంత తక్కువైంది? నేనిస్తాలే, అన్నీ ఇచ్చెయ్" అన్నాను, మామూలు గొంతుతోనే, అంటే వెనకున్న ఐదారుగురికి చక్కగా వినపడే గొంతుతో. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. "మావాడు డబ్బులు తెస్తన్నాడు, వచ్చాక తీసుకుంటా" అని చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఆ పది రోజుల బిళ్లలు కూడా తీసుకోకుండా రోడ్డు దాటి వెళ్లిపోయాడు. చేతిలో రెండు వంద నోట్లతో నేను అక్కడే నిలబడిపోయాను. షాపతను సగం కత్తిరించిన స్ట్రిప్ మళ్లీ డబ్బాలో పెడుతూ, "నాకు సైగ చేస్తే చాలు గదా సార్, డిస్కౌంట్ వచ్చిందని చెప్పి ఇచ్చేసేవాణ్ణి" అన్నాడు.

మందుకో బియ్యానికో బస్సు చార్జీకో డబ్బు తక్కువ పడ్డ మనిషికి ఉండే బాధలు రెండు. ఒకటి డబ్బు లేకపోవడం, రెండోది లేదన్న సంగతి నలుగురికీ తెలిసిపోవడం. మనం సాయం అనుకుని చేసే పనులు చాలావరకు మొదటి బాధను కాస్త తగ్గించి రెండోదాన్ని బోలెడంత పెంచుతాయి, ఆ తర్వాత తీసుకున్నవాడు కృతజ్ఞత చూపించలేదని మనమే నొచ్చుకుంటాం. మన భాషలో దీనికి నామోషీ అని మంచి మాట ఉంది. సాయం చేసేవాడు ముందు చూసుకోవాల్సింది జేబులో ఎంత ఉందని కాదు, ఎదుటిమనిషికి నామోషీ లేకుండా ఇచ్చే దారి ఏమైనా ఉందా అని.

ఆ షాపతనితో తర్వాత పరిచయం పెరిగింది. అతను చెప్పిన ఒక లెక్క ఏ నివేదికలోనూ చూడలేదు. డబ్బు చాలనప్పుడు జనం మందులు వదిలేసేదానికి ఒక వరస ఉందట. మొదట పోయేవి బలం బిళ్లలు. తర్వాత గ్యాస్ బిళ్ల. ఆ తర్వాత మందు మానరు, రోజులు తగ్గిస్తారు, నెలకు రాసింది పది రోజులకు, ఐదు రోజుల యాంటీబయాటిక్ రెండు రోజులకు. నొప్పి బిళ్ల మాత్రం ఎవరూ వదలరు. నొప్పి తెలుస్తుంది, బీపీ తెలియదు, అందుకని బీపీ బిళ్లే తెగుతుంది. పిల్లల సిరప్ దగ్గర బేరం కూడా ఆడరు, అది తీసుకుని తమవి వదిలేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్లు. రోజూ కత్తెర పట్టుకుని నిలబడే మనిషికి కాబట్టి తెలిసింది.

కేంద్ర ప్రభుత్వం వేసే జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశంలో మొత్తం వైద్య ఖర్చులో 64.2 శాతం జనం సొంత జేబులోంచే పెట్టారు, 2021-22కి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే, ఆరోగ్యశ్రీ లాంటివి మన దగ్గర 2007 నుంచే ఉన్నాయి, లక్షలు పోసి చేయించుకోవాల్సిన ఆపరేషన్లు కార్డు మీద అయిపోయిన ఇళ్లు మా వీధిలోనే మూడున్నాయి. కానీ జీవితాంతం మింగాల్సిన బీపీ, షుగర్ బిళ్లల సంగతి వేరు. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు నిజమే, ఆ వారం స్టాకు ఉంటే, వెళ్లిరావడానికి కూలి మానుకోగలిగితే. పథకం అనేది పెద్ద గొయ్యి పూడ్చడానికి పనికొస్తుంది, 130 రూపాయలు తక్కువైన మంగళవారం సాయంత్రానికి ఏ పథకమూ ఉండదు.

బియ్యం సంగతీ అంతే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలు చేసిన దగ్గర్నుంచి, ఇప్పుడు రేషన్ బియ్యం ఉచితం అయ్యేదాకా, తెలుగు ఇళ్లలో గింజ లేక పస్తులుండటం బాగా తగ్గింది. అయితే బియ్యం ఒక్కటే ఉంటే అన్నం అవుతుంది గానీ భోజనం కాదు గదా. నూనె, చింతపండు, గ్యాస్ బండ, ఇవన్నీ డబ్బు పెట్టి కొనాల్సిందే. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణ ప్రభుత్వం వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది, అది చిన్న సాయమేమీ కాదు. కానీ మేడ్చల్ దగ్గర హైవే మీద ఉత్తరాదికి నడిచిపోతున్న వాళ్లకు, మే నెల ఎండలో, మజ్జిగ ప్యాకెట్లతో పాటు చెప్పులు కూడా పంచినవాళ్లున్నారు. చెప్పులు ఇవ్వాలని జీవోలో రాయడానికి ఎవరికీ తోచదు. ఎదురుగా నిలబడి కాళ్లు చూసినవాడికే తోస్తుంది.

నామోషీ లేకుండా ఇవ్వడం మనకు తెలియని విద్యేమీ కాదు. చలివేంద్రం చూడండి. కుండ మీద ఎర్ర గుడ్డ, పక్కన గ్లాసు, తాగేవాడు కూలివాడా కారు దిగినవాడా అని అడిగేవాడుండడు. ఐదు రూపాయల భోజనం ఇంకో మంచి ఉదాహరణ. హైదరాబాద్‌లో 2014లో మొదలైంది, ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2018లో వచ్చి, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. ఆ ఐదు రూపాయలతో వంట ఖర్చులో ఎంత వస్తుందని వెటకారం చేసేవాళ్లను చూశాను. డబ్బు కోసం కాదయ్యా ఆ ఐదు రూపాయలు. అవి పెట్టినవాడు కొనుక్కుని తిన్నవాడు, పప్పులో ఉప్పు ఎక్కువైతే గట్టిగా అడగొచ్చు. పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు, ఇంటికి ఫోన్ చేసి తిన్నానమ్మా అని చెప్పేవాళ్లు, ఆ లైన్లో ఎందుకు నిలబడగలుగుతున్నారంటే ఆ నాణెం వల్లే. పూర్తిగా ఉచితమని బోర్డు పెట్టండి, వాళ్లలో సగం మంది రారని నా అనుమానం.

పాతకాలపు కిరాణా కొట్టు కూడా అలాంటిదే. గల్లా పెట్టె పైన "అరువు రేపు" అని బోర్డు, గల్లా పెట్టె కింద అరువు పుస్తకం. శెట్టిగారు అందులో కొన్ని పద్దులు మర్చిపోయేవాడు, కావాలనే, ఎవరివి మర్చిపోవాలో ఆయనకు తెలుసు (అందరివీ కాదు, మా నాన్నవి ఒక్కసారీ మర్చిపోలేదు). ఇప్పటి సూపర్ మార్కెట్‌లో బార్‌కోడ్ మిషన్‌కు మర్చిపోవడం రాదు. అక్కడ డబ్బు తక్కువై ఒక నూనె ప్యాకెట్ వెనక్కివ్వాలంటే బిల్లు కొట్టే అమ్మాయి తన చేత్తో తీసెయ్యలేదు, సూపర్‌వైజర్‌ను పిలవాలి, అతను వచ్చి పాస్‌వర్డ్ కొట్టేదాకా వెనకున్న వరసంతా ఆ నూనె ప్యాకెట్‌ను, అది వద్దన్న మనిషినీ మార్చి మార్చి చూస్తుంటుంది. ఇక ఫోన్‌తో కొడదామా అంటే సౌండ్‌బాక్స్ ఉందిగా, ఎంత ఇచ్చామో బజారంతా చాటుతుంది. గుప్తదానానికి ఇంతకంటే పగవాడు లేడు.

గుప్తదానం అన్న మాటే ఇప్పుడు చాదస్తంలా వినిపిస్తోంది. గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించుకోవడం చూసి నవ్వుకునేవాళ్లం, పాపం ఆ పేరు ఫ్యాను తిరిగితే కనపడేది కాదు, ఎవరికీ హాని లేదు. ఇప్పుడు దుప్పటి కప్పేటప్పుడు వీడియో, బిర్యానీ పొట్లం ఇచ్చేటప్పుడు వీడియో, తీసుకునే ముసలామె కెమెరా వైపు తిరిగి దండం పెట్టేదాకా పొట్లం చెయ్యి వదలదు. వీటిని సమర్థించేవాళ్లు చెప్పే మాట ఒకటుంది, పదిమంది చూస్తే ఇంకో ఇద్దరు చేస్తారని. చేస్తారు, కాదనను. చేసేవాళ్లు కూడా ఫోన్ పట్టుకునే బయల్దేరతారు. ఆ పొట్లం ఖరీదు 80 రూపాయలనుకుంటే, అందులో తినేదానికి ఎంత, ఆమె ముఖానికి ఎంత?

కోనసీమలో, గోదావరి పాయల మధ్య లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారు పంతొమ్మిదో శతాబ్దంలో వేళ కాని వేళ వచ్చిన ప్రతివాడికీ అన్నం పెట్టింది. 1841లో పుట్టి 1909లో పోయింది. రేవు దాటివచ్చే బాటసారి కులమేమిటి, ఊరేమిటి అని అడగకపోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆమె గురించి తరతరాలుగా చెప్పుకునే ఒక కథ ఉంది. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వేడుకకు ఆమెను పిలిచారట, ఆమె రానందట, కనీసం ఫోటో అయినా పంపమంటే దానికీ ఒప్పుకోలేదట, చివరికి ఫోటో తియ్యకపోతే తన ఉద్యోగానికే ముప్పని అధికారి బతిమాలుకుంటే అతని కోసం కూర్చుందట. నిజమెంతో కల్పనెంతో గానీ, ఆ ఫోటో కూడా ఇబ్బందుల్లో ఉన్న ఇంకొకరికి సాయంగానే దిగిందని జనం చెప్పుకున్నారు చూడండి, దాత అంటే ఎలా ఉండాలని మనవాళ్లు అనుకున్నారో అందులో ఉంది. ఇప్పుడు ఆంధ్ర బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టారు.

అపాత్రదానం మాటకొస్తాను, ఇది చదువుతూ చాలామంది దాని దగ్గరే ఆగి ఉంటారు. ఇచ్చింది తాగడానికి పోతుందేమో, వాడు నిజంగా లేనివాడేనా, సిగ్నల్ దగ్గర పిల్లని ఎత్తుకున్నామె వెనక ముఠా ఉందట గదా. ఉండొచ్చు. సిగ్నల్ దగ్గర ఎవరికివ్వాలో నాకూ తెలియదు. కానీ అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత చెప్పుకుంటూ మనం అడిగేవాళ్ల వైపే చూస్తున్నాం, అసలు ఇబ్బందిలో ఉన్నవాళ్లు అడగరు. వస్తువులు ఒక్కొక్కటే వెనక్కిస్తారు. మందుల షాపులో బీపీ బిళ్లలు తగ్గించుకుంటున్నవాడి పాత్రత గురించి ఇంక ఏం విచారణ కావాలి? మోసం చేసేవాడు రెండు వందల కోసం ఆసుపత్రి గేటు ముందు వరసలో నిలబడి గ్యాస్ బిళ్లలు వదులుకుంటాడా? ఒకవేళ వందలో ఇద్దరు అలాంటివాళ్లే అనుకుందాం, మనం హోటల్లో ఇచ్చే టిప్పుకు ఈ పరీక్షలేవీ పెట్టం.

ఇంకో ఆక్షేపణ కాస్త బరువైంది. ఇదంతా ప్రభుత్వం చెయ్యాల్సిన పని, మనం చేతులడ్డం పెడితే అది తప్పించుకుంటుంది అని. ఉడతా సాయంతో వారధి పూర్తి కాదన్నది నిజమే, నేనిచ్చే 200తో ఒకాయనకు ఒక నెల గడుస్తుంది, ఆయనకు ఆ బిళ్ల ఏడాదికి పన్నెండు నెలలు కావాలి. ఆ పన్నెండు నెలల సంగతి ఆరోగ్య కేంద్రంలో స్టాకు ఉంటేనే తేలేది, దానికోసం అడగాల్సిన చోట అడగాల్సిందే. కాకపోతే ఈ వాదన చేసే పెద్దమనుషులు అక్కడా అడగరు, ఇక్కడా ఇవ్వరు. డబ్బు పెట్టకుండా చేసే సాయం కూడా ఉంది. జన ఔషధి కేంద్రాల్లో అదే మందు బ్రాండ్ ధర కంటే 50 నుంచి 80 శాతం తక్కువకు దొరుకుతుందని ప్రభుత్వమే చెప్తోంది, కానీ చీటీ మీద బ్రాండ్ పేరుంటుంది, అక్కడ అడగాల్సింది మందు అసలు పేరు. ఆ పేరు ఒక కాగితం ముక్క మీద తెలుగులో రాసి, ఫలానా సందులో ఉంది షాపు, ఇది చూపించు, డాక్టరుకోసారి చెప్పు అంటే, 200 నోటు కంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది.

నేను ఇప్పుడు నెలకోసారి ఆ షాపతని దగ్గర కొంత డబ్బు వదిలేసి వస్తున్నాను. గొప్పకు చెప్పడం లేదు, మా ఇంట్లో ఓటీటీలకు అంతకంటే ఎక్కువే పోతోంది. ఇంకో ఇద్దరు కూడా ఇస్తున్నారని అతనన్నాడు, ఎవరో నేనడగలేదు. అతను కూడా పది ఇరవై కలుపుతాడు. చిన్న నోట్‌బుక్‌లో లెక్క రాస్తున్నాడు, పేజీ పైన పేరేమీ లేదు, డిస్కౌంట్ అని మాత్రం ఉంది.

మొన్న నా తలనొప్పి బిళ్లల కోసం వెళితే, ఒక పెద్దావిడ చీటీ కౌంటర్ మీద కొట్టి కొట్టి గొడవ పెట్టుకుంటోంది. "పోయినసారి 90 తగ్గించావు గదా, ఇప్పుడు 60 అంటావేంటి? నేను రోజూ వచ్చేదాన్ని కాదనా?" షాపతను కంపెనీ ఆఫర్ మారిందని ఏదో సర్దిచెప్పబోతే ఒప్పుకోలేదు, ఇంకో 20 తగ్గించేదాకా కదల్లేదు. మందులు సంచిలో వేసుకుని, గెలిచిన ముఖంతో నా వైపు తిరిగి, "గట్టిగా అడక్కపోతే వీళ్లు ఇట్టాగే ముంచుతారు బాబూ" అంది.

"అవునమ్మా, ముంచుతారు" అన్నాను.