ఉదయసముద్రం నీటికీ పీసీఆర్ పరీక్ష కావాలి

నల్లగొండ జిల్లాలో మంచినీళ్ల ప్రస్తావన వస్తే మాట ఫ్లోరైడ్ దగ్గరే మొదలవుతుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో వంగిన నడుములు, గారపట్టిన పళ్లు చూసినవారికి కృష్ణా నీళ్లు ఎందుకంత అపురూపమో వేరే చెప్పనక్కరలేదు. బోరు నీళ్లు మాని నల్లా నీళ్లకు అలవాటుపడటానికి ఈ పల్లెలకు చాలా కాలం పట్టింది. ఆ అలవాటు చెడటానికి వారం రోజుల బురద వాసన చాలు.

ఫ్లోరైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. ఉదయసముద్రం లాంటి జలాశయాల నీటికి వేసవిలో పట్టే మట్టి వాసన మాత్రం ముక్కుకు కొడుతుంది కానీ దానంతట అది ఒంటికి హాని చేయదు. బిందె మీద మూత తీయగానే చెరువు వాసన వచ్చి, ఎసరు కాగేకొద్దీ అది ఇంకా గుప్పుమంటే, ఈ తేడా ఎవరు ఆలోచిస్తారు? డబ్బున్న ఇల్లు క్యాన్ నీళ్లకు మళ్లుతుంది, లేని ఇల్లు తిరిగి బోరింగుకు పోతుంది. అందుకే వాసనను చిల్లర ఫిర్యాదుగా కొట్టిపారేయడం మరెక్కడైనా చెల్లుతుందేమో కానీ ఇక్కడ చెల్లదు.

ఈ వాసన ఎక్కువగా నీలి ఆకుపచ్చ శైవలాల, అంటే నాచులాంటి సూక్ష్మజీవుల పని. ఎరువులు, మురుగుతో వచ్చే భాస్వరం, నిలిచిన నీరు, ఎండ కలిస్తే అవి విజృంభిస్తాయి. వాటిలో కొన్ని జియోస్మిన్ అనే, కొన్ని ఎంఐబీ అనే మట్టి వాసన పదార్థాలను తయారుచేస్తాయి. తొలకరి చినుకులకు నేల నుంచి లేచే కమ్మదనంలో ఉన్నదీ జియోస్మినే. చేలో మురిపించిన వాసనే గ్లాసులో మూతి ముడిపిస్తుంది. లీటరుకు 10 నానోగ్రాములుంటే చాలు, మనిషి ముక్కు పసిగడుతుంది. అంటే 10 కోట్ల లీటర్లలో ఒక్క గ్రాము.

మైక్రోస్కోపు కింద పెడితే ఏ శైవలమో తెలుస్తుంది, వాసన పుట్టించేదో కాదో తెలియదు. ఒకే ప్రజాతిలో రెండు రకాలూ ఉంటాయి, చూపుకు ఒక్కలాగే ఉంటాయి. తేడా జన్యువులో ఉంది. జియోస్మిన్ తయారీకి కావలసిన జన్యువు నీటిలో ఎన్ని ప్రతులు ఉందో పీసీఆర్ యంత్రం కొన్ని గంటల్లో లెక్కకడుతుంది. నీటిని సన్నని వడపోత పొర గుండా పంపి, దానిపై చిక్కిన కణాల నుంచి డీఎన్ఏ తీసి యంత్రంలో పెడతారు. కొవిడ్ కాలంలో ఆర్టీపీసీఆర్ అన్న మాట ఊరూరా అందరి నోటా నలిగింది. ఆ పరీక్షకు వాడిన తరహా యంత్రమే దీనికీ సరిపోతుంది.

గంటల్లో తెలిస్తే ఒరిగేదేమిటి? అసలు విషయం ఇక్కడుంది. జియోస్మిన్ చాలావరకు కణం లోపలే ఉంటుంది. కణం పగలకుండా ఉన్నంతవరకు పటిక వేసి తేర్చినప్పుడు శైవలంతో పాటు వాసనా అడుగుకు దిగుతుంది. కణం పగిలి నీటిలో కలిసిందా, పటిక, ఇసుక వడపోత దాన్ని పెద్దగా ఆపలేవు. వాసనను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) పొడి కావాలి. వాసన వస్తోందని శుద్ధికి ముందే క్లోరిన్ మోతాదు పెంచితే కణాలు పగిలి, లోపలిదంతా బయటపడుతుంది. మైలుతుత్తం చల్లినా అంతే. మంచి చేయబోయి చెడు చేసినట్టు. ముందే తెలిస్తే నీటిని తీసుకునే లోతు మార్చవచ్చు, కార్బన్ పొడి తెప్పించి పెట్టుకోవచ్చు. ఆలస్యమైతే ఏమవుతుందో బ్రెజిల్‌లోని రియో డి జనీరో చూసింది: 2020 జనవరిలో నల్లా నీళ్ల వాసనకు కారణంగా జియోస్మిన్ పేరు మార్మోగేసరికే జనం సీసా నీళ్ల కోసం దుకాణాల మీద పడ్డారు.

తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 వాసన విషయంలో కోరేది అది ఆమోదయోగ్యంగా ఉండాలనే. కొలత ముక్కే. ముక్కుకు తెలిసేసరికి నీళ్లు ట్యాంకు దాటి ఇళ్లకు చేరిపోతాయి.

జన్యు పరీక్షనూ నెత్తిన పెట్టుకోనవసరం లేదు. వంట వచ్చినవాళ్లు ఇంట్లో ఉన్నంత మాత్రాన పొయ్యి వెలిగినట్టు కాదు; జన్యువు ఉన్నా ఆ రోజు అది పనిచేస్తూ ఉండకపోవచ్చు. ఒక్క రోజు అంకెతో ఏమీ తేలదు, వారం వారం పెరుగుతోందా అన్నదే సూచన. ప్రతి ఊరి ట్యాంకుకూ ఈ పరీక్ష చేయమనడం దండగ. ఉదయసముద్రం, అక్కంపల్లి, పాలమూరు వైపు రామన్‌పాడు, కోయిల్‌సాగర్ లాంటి మూలాల దగ్గర, ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా చేస్తే చాలు. ఫలితం మాత్రం శుద్ధి కేంద్రంలో క్లోరిన్ కవాటం తిప్పే మనిషి చేతికి ఆ రోజే అందాలి. నెలాఖరు నివేదికలో చేరేటట్లయితే పరీక్ష మానుకోవడమే మేలు.

ఇంకొకటి. ఈ శైవలాల్లోనే కొన్ని మైక్రోసిస్టిన్ అనే విషాన్ని చేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరిగించినా పోదు, నీళ్లకు వాసన లేకపోయినా ఉండవచ్చు. మైక్రోసిస్టిన్-ఎల్ఆర్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన దీర్ఘకాలిక పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. ఆ విషం తయారీ జన్యువును వెతకడానికి మళ్లీ నమూనా తీయనక్కరలేదు. అదే డీఎన్ఏకి మరో జత ప్రైమర్లు (వెతికే జన్యువును గుర్తుపట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) చేర్చుకుంటే చాలు.