ఒక కాగితం చేసిన యతిభంగం

చరిత్రకారులు రసభంగం చేయకుండా అడ్డుకునే చట్టం ఒకటి రావలసిన అవసరం ఎంతైనా ఉంది. స్లావొమీర్ రావిచ్ అనే పోలండ్ సైనికాధికారి 1956లో 'ద లాంగ్ వాక్' పేరుతో తన పలాయన గాథను వెలువరించాడు. దాని ప్రకారం సైబీరియా శిక్షా శిబిరం నుంచి 1941లో ఏడుగురు తప్పించుకున్నారు. దారిలో ఒక అమ్మాయి తోడైంది. మంగోలియా, గోబీ, టిబెట్, హిమాలయాల మీదుగా సుమారు 6,500 కిలోమీటర్లు నడిచి నలుగురు మన దేశం చేరుకున్నారు. ఎడారిలో పాములను తిన్నారు. మంచుకొండల్లో మంచుమనుషులని చెప్పుకునే రెండు యతులను తీరిగ్గా చూశారు. పద్యపాదానికి ఒక యతి కుదర్చడానికే మన కవులు తంటాలు పడుతుంటే, ఈయన వచనంలోనే రెండు కుదిర్చాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా 2006లో బీబీసీ పాత కాగితాలు బయటపెట్టింది. ఆయన పారిపోలేదనీ, 1942లో క్షమాభిక్ష కింద విడుదలై, కాస్పియన్ సముద్రం దాటి ఇరాన్ చేరాడనీ వాటిలో ఉంది. కొన్ని సాక్షాత్తూ ఆయన చేతిరాతలోనే ఉన్నాయి.

అయినా 2010లో పీటర్ వియర్ ఈ కథను 'ద వే బ్యాక్'గా తెరకెక్కించాడు. యతులను వదిలేసి నడకను ఉంచుకున్నాడు. గోబీలో మనల్ని తనివితీరా దాహంతో మాడ్చినవాడు హిమాలయాలను మాత్రం గబగబా దాటించేయడం, ఆ కొండల ఇరుగుపొరుగువారిగా మనకు కొంత చిన్నతనమే. ఏమైతేనేం, పగిలిన పెదవులకూ పొక్కిన చర్మానికీ మేకప్ విభాగంలో ఆస్కార్ నామినేషన్ దక్కింది.

కాగితం దారిన సినిమా తీస్తే ఎవరు చూస్తారు? 1939లో పోలండ్ తూర్పు భాగాన్ని ఆక్రమించి, లక్షల మందిని సైబీరియాకూ కజకిస్తాన్‌కూ తరలించిన స్టాలిన్, 1941 జూన్‌లో హిట్లర్ తన మీదికే వచ్చేసరికి ఆ పోలండ్ వారే తనకు మిత్రులని గ్రహించాడు. జూలై 30న లండన్‌లో ఒప్పందం కుదిరింది. చేయని నేరానికి క్షమాభిక్ష లభించింది. నిన్నటి దేశద్రోహి నేడు మిత్రసైనికుడు! రెండు యతులను నమ్మిన పాఠకుడు కూడా ఇంత కల్పనను సహించలేడు.

పైగా ఆ దారిలో వీరోచితంగా నడిచేందుకేమీ లేదు. రైళ్ల కోసం పడిగాపులు, ఆకలి, పేల వల్ల సోకే టైఫస్ జ్వరం, రేవులో ఓడ కోసం మళ్లీ పడిగాపులు. 1942లో అలా లక్షకు పైగా జనం ఇరాన్ చేరారు. పహ్లవీ రేవులో వారి తలలు గొరిగి, పేలు పట్టిన బట్టలను తగలబెట్టారు. ఆ ఎముకలగూళ్లను ఉన్నవారిని ఉన్నట్టే తెరమీద నిలబెట్టి ఉంటే, మేకప్ పద్దు కింద నిర్మాతకు బోలెడంత మిగిలేది.