ఇంజన్‌కి ఊపిరాడటం లేదండీ!

విశాఖలో డీజిల్ కార్లకు ఆయాసం పట్టుకుంది. ఈ సంగతి కేజీహెచ్ డాక్టర్లు చెప్పలేదు, బళ్ల ఓనర్లు చెబుతున్నారు. షోరూమ్ నుంచి వచ్చిన పాపానికి కంపెనీవాడు బండి ముక్కూ మూతీ కట్టేశాడట. సింహాచలం కొండెక్కేటప్పుడు అందుకే మూలుగుతోందట. మనసున్న మారాజులు కదా, చూస్తూ ఊరుకుంటారా? ఆటోనగర్‌లో ఆపరేషన్లు చేయిస్తున్నారు.

మొదటి ఆపరేషన్ ఈజీఆర్‌కి. బయటికి పోవాల్సిన పొగలో కొంత వెనక్కి తిప్పి ఇంజన్ చేతే మళ్లీ పీల్పించే ఏర్పాటు అది. దానివల్ల లోపల మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులు తక్కువ పుడతాయి. కానీ ఎంత అనాచారం! తన ఎంగిలి తనే తినడమా? పైగా ఆ మసి ఆయిల్ ఆవిరితో కలిసి గాలి వెళ్లే దారిలో జిగటగా పేరుకుంటుందని కూడా వాళ్లంటారు (ఇది మాత్రం నిజమే, విప్పి కడిగితే పోతుంది, కాకపోతే కడగడంలో కిక్కు లేదు). కాబట్టి మేస్త్రీ పాత గాస్కెట్టు గీకేసి, అరచేతిలో పట్టేంత స్టీలు రేకు అడ్డంగా దూర్చి బోల్టులు బిగిస్తాడు. "ఇంక సూస్కోండి సార్, ఎలగ పోద్దో!" అంటాడు. డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ లైటొకటి వెలుగుతుంది. ల్యాప్‌టాప్ తగిలించి దాని నోరూ నొక్కేస్తారు.

2015లో ఫోక్స్‌వ్యాగన్ పరువు పోయింది దేనికనుకున్నారు? టెస్టు పెట్టారని పసిగట్టి ఆ కాసేపే బుద్ధిగా నడిచే సాఫ్ట్‌వేర్ రాసినందుకు. రోడ్డెక్కాక కొన్ని కార్లు పరిమితికి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయని అమెరికా తేల్చింది. పాపం, అంతంత చదువులు చదివిన జర్మన్ ఇంజనీర్లు! ఒక్కసారి గాజువాక వచ్చి ఉంటే రేకుముక్కతో పని అయిపోయేది.

ఇక డీపీఎఫ్. పొగలోని మసిని పట్టి దాచుకుని, 600 డిగ్రీల వేడి దగ్గర కాల్చేసుకునే ఫిల్టరు. అంత వేడి పుట్టాలంటే బండి కాసేపు ఆగకుండా సాగాలి. మనవాడు సిరిపురంలో స్టార్ట్ చేసి ఆర్కే బీచ్‌లో ఆపుతాడు. ఐస్‌క్రీమ్ తిని, మళ్లీ స్టార్ట్ చేసి సిరిపురంలో ఆపుతాడు. మసి కాలదు, ఫిల్టరు పూడుకుపోతుంది. అడపాదడపా హైవే మీద భోగాపురం వైపు ఓ రౌండు వేసొస్తే సరిపోయే జబ్బిది. అంత చవక వైద్యం మన స్టేటస్‌కి నప్పదు గనక డబ్బా కోసి, లోపలి తేనెపట్టు పెకలించి, మళ్లీ వెల్డింగ్ పెట్టిస్తాం.

కోన్ ఫిల్టరు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంజన్‌కి గాలి వడగట్టి ఇచ్చే కంపెనీ డబ్బా బయటి చల్లగాలి పీలుస్తుంది. దాన్ని పీకి, బానెట్ కింద కాగుతున్న గాలి పీల్చే ఎర్రటి ఫిల్టరు పెడతారు. వేడిగాలి పలచన, బలం రాదు. చప్పుడొస్తుంది. డబ్బిచ్చింది చప్పుడుకేనని ఒప్పుకోలేక "పికప్ పెరిగింది బావా" అంటారు.

చట్టం ఊరుకుంటుందా అని భయపడకండి. మోటారు వాహనాల చట్టం 182ఎ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు! ఇంత విడివిడిగా రేటు కట్టిన బిల్లు ఏ షెడ్డులోనూ ఇవ్వరు. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతంటారా, అక్కడ డీజిల్ బండి పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారంతే. నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. ఈజీఆర్ మూసిన బండికి మసి తగ్గుతుంది కాబట్టి అది ఇంకా దర్జాగా పాసవుతుంది. చట్టం కళ్లకు గంతలు కట్టుకుందన్నారే గానీ, ముక్కు కూడా మూసుకుందని ఎవరూ చెప్పలేదు.

ఊరి చుట్టూ కొండలు, మధ్యలో మనం. వదిలిన పొగ తొందరగా ఎటూ పోదు. వన్‌టౌన్‌లో డాబా మీద ఆరేసిన బట్టలు నల్లబడితే పోర్టు బొగ్గును తిడతాం, తిట్టాల్సిందే. ఆ తిట్టేవాళ్లలో గట్టిగా అరిచిన కుర్రాడు ధర్నా అయ్యాక కారెక్కి యాక్సిలరేటర్ తొక్కితే, గాలికి మించి డీజిల్ పోసేలా ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించిన రీమ్యాప్ పుణ్యమా అని, వెనక స్కూటీ మీదున్న అమ్మాయి ప్లకార్డుతో సహా నల్ల పొగలో మాయమైపోయింది.

నా డిమాండ్ ఒక్కటే. పొద్దున్నే వాకర్ల కోసం బీచ్ రోడ్డు మీద బళ్లను ఆపేస్తున్నారే, అది అన్యాయం. సముద్రపు గాలి అవసరం ఎవరికి ఎక్కువ? నడిచేవాళ్లకు ఊపిరితిత్తులు రెండున్నాయి. ఇంజన్‌కి ఉన్నది ఒక్క ఫిల్టరే.

అన్నట్టు, పీకిన కంపెనీ సామాను మాత్రం ఎవరూ పారేయరు. గోనెసంచిలో కట్టి మెట్ల కింద పెడతారు. బండి అమ్మకానికి పెట్టిన రోజు రేకు బయటికొస్తుంది, పాత ఎయిర్ బాక్సు లోపలికెళుతుంది. కొనడానికొచ్చినాయన బానెట్ ఎత్తి, "మోడిఫికేషన్లు ఏమైనా చేయించారా బాబూ?" అని అడుగుతాడు.

"అబ్బే, ఫుల్ కంపెనీ కండిషనండీ! మా నాన్నగారు గుడికెళ్లడానికి వాడిన బండి."