గుండ్రంగా నడిచే చీమలకు లెక్కల మాస్టారి లేఖ

మహారాజశ్రీ చీమలదండు గారి సముఖమునకు,

పదో తరగతి లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయు లేఖ. ఉభయకుశలోపరి. ఉభయులలో మీరొక్కరే కుశలం, అది వేరే సంగతి.

ఈ ఉత్తరం పదిమందీ చదువుతారు గనుక మీరెవరో ముందు చెప్పాలి. గింప్ లాంటి బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఫొటో మీద మౌస్ నొక్కి లాగితే నలుపు తెలుపు ముక్కలతో ఒక గీత పుడుతుంది. పుట్టి ఊరుకోదు, లాగిన దారెంట కదులుతూనే ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి కవాతు చేసే చీమలని పేరు పెట్టారు. ఆ చీమలు మీరే. మా ఇంట్లో పంచదార డబ్బా చుట్టూ తిరిగేవాళ్ళు వేరే. వాళ్ళతో నాకు పేచీ లేదు, వాళ్ళు కనీసం కుడతారు.

ఇక నా సంగతి. వృత్తం గీయడమే నా వృత్తి. 22 ఏళ్ళుగా నల్లబల్ల మీద గీస్తున్నాను. బడిలో ఉన్న చెక్క వృత్తలేఖిని కాలు విరిగి చాలాకాలమైంది. పురికొసకి సుద్దముక్క కట్టి, ఒక కొసని బొటనవేలితో బల్లకి అదిమి, రెండో కొస తిప్పితే వృత్తం వచ్చేస్తుంది. ముడి జారితే నత్తగుల్ల వస్తుంది. ఏదొచ్చినా బల్ల మీద ఉంటుంది, డస్టర్‌తో తుడిచేదాకా కదలదు.

ఈసారి స్లిప్ టెస్టులో స్పర్శరేఖల ప్రశ్నని పుస్తకంలోంచి కాకుండా ఊళ్ళోంచి ఇద్దామని బుద్ధి పుట్టింది. స్టాండు వేసిన సైకిలు ముందు చక్రం నేలకి ఆనే చోటు ఎప్పుడైనా చూశారా? చక్రం వృత్తం, రోడ్డు స్పర్శరేఖ, ఆనిన చోటు స్పర్శబిందువు. ఇరుసు దగ్గర్నుంచి తిన్నగా అక్కడికి దిగే గీత వ్యాసార్ధం. స్పర్శబిందువు దగ్గర వ్యాసార్ధం స్పర్శరేఖకి లంబంగా ఉంటుందని ఇంతకన్నా బాగా చెప్పే బొమ్మ నాకు తెలిసి లేదు. రిపేరు షాపు ముందు నిలబడి ఫొటో తీశాను. చక్రం చుట్టూ ఒక ఎర్ర గీత కావాలి. అంతే. మిగతాది పిల్లలు గీస్తారు.

లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ ఉంది కదా మాస్టారూ అని ఎవరైనా అనొచ్చు. ఉంది, బంగారం లాంటిది, ఉత్త వృత్తాలకి నేనూ అదే వాడతాను. దాంట్లోకి ఫొటో కూడా తెచ్చుకోవచ్చని తర్వాత తెలిసింది. అప్పటికే మీ పుట్టలో వేలు పెట్టేశాను.

మా మేనల్లుడు తన పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి నాకిచ్చాడు. అందులో గింప్ ఉంది. పక్కనున్న బొమ్మల్లో కోలగా ఉన్నదాన్ని నొక్కి చక్రం మీద లాగాను. మీరొచ్చారు. చక్రం చుట్టూ ముచ్చటగా తిరిగారు. గీత కదులుతోందేమిటని అనుమానం రాకపోలేదు. కొత్త కాలం, కంప్యూటర్లో గీతలు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాను. పీఎన్‌జీ అనే మామూలు బొమ్మ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రశ్నల మధ్య అతికించి, రాత్రి పదకొండింటికి కళ్ళజోడు పక్కన పెట్టేసి జిరాక్స్ షాపుకి పంపేశాను.

మర్నాడు కాగితాలు పంచాను. "పై పటంలో గీసిన వృత్తానికి నేల వద్ద స్పర్శరేఖను గీయుము." పటంలో చక్రం ఉంది. రోడ్డు ఉంది. సైకిలు యజమాని ఎడమకాలి చెప్పు కూడా ఉంది. మీరు మాత్రం లేరు.

ముందు బెంచీ కుర్రాడు లేచి, "సార్, వృత్తం ఏదండీ?" అన్నాడు.

నేను కాగితం అటూ ఇటూ తిప్పుతుంటే వెనక బెంచీ నుంచి సమాధానం వచ్చింది. "ఉందనుకోవాల్రా. ఈయన లెక్కలన్నీ అంతేగా."

ఎక్స్ అనుకొనుము, వై అనుకొనుము అని ఇన్నేళ్ళుగా చెప్పిన నోరు. ఏమని తిట్టను?

ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. మీరక్కడే ఉన్నారు, చీమ కుట్టినట్టయినా లేకుండా తిరుగుతూ. గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైల్లో మీకు శాశ్వత నివాసం ఉందట. పీఎన్‌జీ గడప మాత్రం దాటరట. మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మామయ్యా, అది సెలెక్షన్. గీత కాదు."

"గుండ్రంగా ఉంది కదరా."

"ఉంటుంది. కానీ గీత కాదు. నువ్వు ఎంతమేర పని చెయ్యాలనుకుంటున్నావో చూపించే హద్దు."

"మా చేలో హద్దుకి రాళ్ళుంటాయిరా, మర్నాటికి మాయం కావు."

"గీత కావాలంటే ఎడిట్‌లోకి వెళ్ళి స్ట్రోక్ సెలెక్షన్ నొక్కాలి మామయ్యా."

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని విన్నాను గానీ, ఆ ఆజ్ఞ ఎడిట్ మెనూలో ఉంటుందని ఏ హరికథలోనూ చెప్పలేదు.

అక్కణ్ణుంచి నా బతుకు ఏడుచేపల కథ అయింది. వృత్తమా, వృత్తమా, ఎందుకు అచ్చవలేదు? స్ట్రోక్ కొట్టలేదు. స్ట్రోకూ, స్ట్రోకూ, ఎర్రగా రమ్మంటే నల్లగా ఎందుకొచ్చావు? ముందున్న రంగు నలుపు, నువ్వు మార్చలేదు. రంగూ, రంగూ, చక్రం మొత్తం తిరక్కుండా ఒక మూల ముక్కగా ఎందుకు పడ్డావు? నువ్వెంచుకున్నది 'సైకిలు' అని రాసుకున్న అక్షరాల లేయరు, అంటే పొర, దాని కొలత అంతే. ఆ కథ చీమ దగ్గరికొచ్చి ముగుస్తుంది. నాది చీమ దగ్గర మొదలైంది, ముగింపు కనుచూపు మేరలో లేదు.

షిఫ్ట్ సంగతి విడిగా చెప్పుకోవాలి. వృత్తం కచ్చితంగా గుండ్రంగా రావాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకోమన్నాడు వాడు. పట్టుకున్నాను. కోడిగుడ్డు వచ్చింది. మళ్ళీ పట్టుకున్నాను. మొదటి గుడ్డుకి రెండో గుడ్డు అతుక్కుంది. తేలిందేమిటంటే, మౌస్ నొక్కకముందు షిఫ్ట్ పడితే "ఉన్నదానికి ఇది కలుపు" అని అర్థం. మౌస్ నొక్కి లాగడం మొదలెట్టాక పడితే "గుండ్రంగా ఉంచు" అని అర్థం. కంట్రోల్‌దీ అదే తంతు: ముందు పడితే తీసివేత, తర్వాత పడితే కేంద్రం నుంచి పెరగడం. ఒకే మీట, అరక్షణం తేడాలో రెండు అర్థాలు. ఇంత ముహూర్తబలం మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి కూడా చూడరు.

ఎలాగైతేనేం, ఎర్ర వృత్తం పడింది. జవాబు పటం కూడా తయారు చేద్దామని ఉత్సాహం వచ్చింది. పెన్సిల్ తీసుకుని, రోడ్డు మీద ఒక చోట నొక్కి, షిఫ్ట్ పట్టుకుని ఇంకో చోట నొక్కితే తిన్నటి గీత పడుతుంది. ఇది నిజంగా బాగుంది, మెచ్చుకోవాలి. కంట్రోల్ కూడా పడితే 15 డిగ్రీల చొప్పున మాత్రమే తిరుగుతుంది, స్కేలు అక్కర్లేదు. రోడ్డు ఈ చివర నొక్కాను, ఆ చివర నొక్కాను. గీత పడలేదు. మళ్ళీ నొక్కాను. లేదు. కళ్ళజోడు తుడుచుకుని చూస్తే, చక్రం నేలకి ఆనిన చోట మాత్రం సన్నటి ఎర్ర నలక.

అయ్యా, అప్పుడు అర్థమైంది మీ ప్రతాపం. మీరు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. మీరు తిరుగుతున్నంతసేపూ మీ కోట లోపల తప్ప బయట రంగు పడదు. స్పర్శరేఖ అంటే ఏమిటి? వృత్తాన్ని ఒకే ఒక్క బిందువు దగ్గర తాకి, మిగతాదంతా బయటే ఉండేది. బయటున్నదంతా మీరు మింగేసి, స్పర్శబిందువుని మాత్రం నాకు వదిలారు. పంతం పట్టి ఛేదనరేఖ గీశాను. రెండు కొసలూ తెగి, జ్యా మిగిలింది. ఛేదనరేఖలో వృత్తం లోపలున్న ముక్కే జ్యా అని నేను సుద్దముక్కలు అరగదీసి చెప్పే పాఠం! మీరు ఒక్క మాట మాట్లాడకుండా చూపించారు. ఆ దృశ్యాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను, వచ్చే ఏడు క్లాసులో పనికొస్తుంది.

సెలెక్ట్ మెనూలో 'నన్' నొక్కితే మీరు పోతారని, పోయాకే ఏదైనా గీసుకోవాలని మేనల్లుడు చెప్పాడు. ముందే చెప్పొచ్చు కదరా అంటే, "నువ్వడగలేదు మామయ్యా" అన్నాడు. వాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

మీ పుట్టుపూర్వోత్తరాలు కూడా వెతికాను. 1984లో మెకింటోష్ కంప్యూటర్‌తో పాటు మాక్‌పెయింట్ అనే ప్రోగ్రాం వచ్చింది. రాసినాయన బిల్ అట్కిన్సన్. మీకు అడుగులు నేర్పింది అక్కడే. నల్లటి చోట నల్లగీత, తెల్లటి చోట తెల్లగీత కనబడవు గనుక రెండు రంగుల ముక్కలూ కలిపి నడిపించారు, ఎక్కడున్నా కంటబడేలా. తెలివైన పనే. కానీ అదే ప్రోగ్రాంలో, మీరున్న పెట్టెలోనే, గుండ్రటి బొమ్మ నొక్కితే గుండ్రటి గీత గీసే పనిముట్టు కూడా ఉంది! ఉత్త గీతది ఒకటి, లోపల నింపేది ఒకటి. మీరు పుట్టిన ఇంట్లో వృత్తం మీ తోడబుట్టింది. ఇక్కడికి కాపురానికొచ్చేటప్పుడు దాన్ని అక్కడే వదిలేసి వచ్చారు.

అట్కిన్సన్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను, లెక్కల మాస్టారిని. అంతకు మూడేళ్ళ ముందు, 1981లో, ఆయన తెర మీద వృత్తాలు వేగంగా గీయించాలనుకున్నాడు. వృత్తమంటే వర్గమూలాలు, ఆ చిప్‌కి అవి మోయలేని బరువు. ఆయన బేసిసంఖ్యలు పట్టుకున్నాడు. 1, 3 కలిపితే 4. ఇంకో 5 కలిపితే 9. ఇంకో 7 కలిపితే 16. వరసగా బేసిసంఖ్యలు కూడుకుంటూ పోతే వర్గాలే వస్తాయి, గుణకారం అక్కర్లేదు. మా ఆరో తరగతి పిల్లలు చుక్కలు పేర్చి చూసే సంగతి. దాంతో తెర మీద వృత్తాలు గబగబా పడ్డాయి. 1981లో కూడికలతో పడ్డ వృత్తం నాకు ఇప్పుడు మేనల్లుడి ఫోన్ లేనిదే పడటం లేదు.

గింప్‌ని మరీ ఆడిపోసుకోను. 1995లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో చదువుకునే ఇద్దరు కుర్రాళ్ళు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్, మొదలుపెట్టినది. ఇవాళ్టికీ పైసా అడగదు. అడుక్కునేవాడికి అరవై ఆరు కూరలా అని మీరనొచ్చు. దాని పేరులోనే 'ఇమేజ్ మానిప్యులేషన్' అని ఉంది: ఉన్న బొమ్మని మార్చడం దాని పని, కొత్తది గీయడం కాదు. డబ్బిచ్చి కొనే ఫొటోషాప్ కూడా 1990లో పుట్టి, 2000లో ఆరో వెర్షన్ వచ్చేదాకా ఆకారాలు గీసే పనిముట్టు ఇవ్వలేదు. అప్పటిదాకా వాళ్ళూ మీ వెనకే నడిచారు. కానీ వాళ్ళు మారారు. గింప్ 3.0 వచ్చింది 2025 మార్చిలో. ఆశగా తెరిచి చూశాను. పనిముట్ల పెట్టెలో మీరే, కోలగా.

ఒక్క దారి ఉందని కూడా కనుక్కున్నాను. ఫిల్టర్లలోకి వెళ్ళి, రెండర్‌లోకి దిగితే, జీఫిగ్ అని ఒకటుంది. వృత్తం, చాపం, నక్షత్రం, సుడి, అన్నీ గీస్తుంది. ఫిల్టర్లలో! ఉప్పుడబ్బా దేవుడి గదిలో పెట్టుకున్న ఇల్లు ఇది.

ఇంత తిట్టాక ఒక్కటి ఒప్పుకోవాలి. ఇది రాయాలని లేదు, రాత్రి నిద్ర పట్టక రాస్తున్నాను.

వృత్తం అంటే ఒక బిందువు నుంచి సమాన దూరంలో ఉన్న బిందువుల సమితి. అంచు మాత్రమే. లోపల ఉన్నది వృత్తం కాదు, వృత్తం లోపలి ప్రాంతం. ఈ రెంటినీ కలిపేసిన వాళ్ళకి నేను అరమార్కు కోస్తాను. వృత్తానికి వైశాల్యమేమిట్రా, లోపలి ప్రాంతానికి గదా ఉండేది అని చెవి మెలేస్తాను. పుస్తకంలోనే 'వృత్త వైశాల్యం' అని ఉంది సార్ అంటే పుస్తకానికీ అరమార్కు కోస్తాననే రకం.

మరి ఆ రాత్రి నేను చేసిందేమిటి? మీరు నాకిచ్చింది ప్రాంతం. మీరు తిరిగేది దాని అంచు. అంచుకి మందం ఉండదు. రేఖకి పొడవే గాని వెడల్పు లేదని యూక్లిడ్ 2,000 ఏళ్ళకి ముందే చెప్పి వెళ్ళాడు. మందం లేనిది జిరాక్సులో ఎలా పడుతుంది? అందుకే స్ట్రోక్ కొట్టమన్నప్పుడు గింప్ మొదట "ఎంత మందం?" అని అడుగుతుంది. 6 పిక్సెళ్ళంటే మీ దారికి లోపల 3, బయట 3 పెడుతుంది, మీ దారిని మాత్రం కదపదు. సిద్ధాంతం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. ప్రాంతాన్ని చూసి వృత్తం అనుకున్నది నేను.

స్లిప్ టెస్టు కాగితాలు దిద్దుతుంటే ఒక అమ్మాయిది చేతికొచ్చింది. చక్రం చుట్టూ గాజు పెట్టి పెన్సిల్‌తో వృత్తం గీసుకుంది. గాజు చక్రం కన్నా కొంచెం పెద్దది, నేలలోకి దిగింది. దానికే స్పర్శరేఖ గీసి, పక్కన రాసింది: "ప్రశ్నలో వృత్తం లేదు కావున నేనే గీసితిని." పూర్తి మార్కులు వేశాను.

తర్వాత బీరువాలోంచి కిందటి టెస్టు కట్ట తీసి, ప్రాంతానికి బదులు వృత్తం అని రాసి అరమార్కు పోగొట్టుకున్న పదకొండు మందికీ తిరిగి వేశాను. మార్కుల రిజిస్టర్లో దిద్దుబాటు ఉంటే కారణం రాసి సంతకం పెట్టాలని హెచ్చెమ్ గారి నిబంధన. 'చీమలు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన ఇంకా చూడలేదు.

ఇట్లు,
మీ పుట్టలో వేలు పెట్టిన
లెక్కల మాస్టారు