టాప్ కొట్టు మామయ్యా

కుడిచేతి చిటికెనవేలి పక్క కండ ఇంకా సలుపుతూనే ఉంది. బామ్ రాసుకుని టైపు చేస్తున్నాను. అక్షరాల్లో ఎక్కడైనా ఘాటు తగిలితే అది బామ్‌ది, నాది కాదు.

మా ఇంట్లో కంప్యూటరు మావాడు ఇంటర్లో ఉండగా కొన్నది. చదువుకోసమని కొనిపించుకుని, ఆటలకోసమని విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టించుకున్నాడు. వాడు ఉద్యోగానికి పోయాక ఆ పెట్టె నాకు సంక్రమించింది. నేను దాంతో చేసే పని ఒక్కటే, మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు. అయిదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, కోశాధికారిని నేను. (నన్ను ఎన్నుకున్నారని చెప్పుకుంటాను. నిజానికి ఆ రోజు మీటింగుకి ఆలస్యంగా వెళ్ళాను.) విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కాలం చెల్లింది. 11 వేద్దామంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి, టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు కావాలి అని పెళ్ళిచూపుల లెవెల్లో అడిగింది. మాది నాలుగో తరం. సంబంధం కుదరలేదు.

సంక్రాంతికి మా అక్క కొడుకు వచ్చాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేరు. వాడి నోట్లో ఒకే ఒక్క విశేషణం ఉంటుంది, ‘సింపుల్’. ‘‘విండోస్ బదులు లినక్స్ మింట్ వేసేద్దాం మామయ్యా, సింపుల్. రాకెట్‌లా పోతుంది’’ అన్నాడు. పైన కనపడే డెస్క్‌టాప్ పేరు సినమన్ అట. పుదీనా, దాల్చినచెక్క. కంప్యూటరా, బిర్యానీయా అని మా ఆవిడ అడిగింది. బిర్యానీ అయితే అరగంటలో దమ్ముకొచ్చేది. ఇది రెండు నెలలైనా ఉడకలేదు.

ఎంత నిదానమో చెప్పాలంటే, కిటికీని మౌసుతో పట్టుకుని పక్కకి లాగితే, మౌసు ముందు వెళ్ళిపోయేది, కిటికీ వెనకాల పెళ్ళివారి ఎద్దుబండిలా ఆగి ఆగి వచ్చేది. లెక్కల షీటులో 304 అని కొడితే తెరమీద 3 ఒక్కటే కనపడేది. మిగతా రెండూ వస్తున్నాయో, దారిలో ఎక్కడైనా ఆగాయో తెలియక మళ్ళీ 04 కొట్టేవాణ్ణి. అప్పుడు అన్నీ ఒకేసారి దిగేవి, 30404. అలా అయిదంతస్తుల బిల్డింగులో ముప్ఫైవేల నాలుగువందల నాలుగో ఫ్లాటువాళ్ళు పద్దెనిమిది వందలు బకాయి పడ్డట్టు నోటీసుబోర్డు ఎక్కింది. సెక్రటరీగారు దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. కింద నవ్వు బొమ్మలు పదకొండు. లెక్కపెట్టాను, కోశాధికారిని కదా.

వాల్‌పేపరు తీసేశాను. పక్కవీధి షాపు కుర్రాడు వచ్చి, మూత కూడా విప్పకుండా ‘‘మదర్‌బోర్డు పోయింది సార్’’ అని అయిదు వందలు తీసుకుని వెళ్ళాడు. పోయిన మదర్‌బోర్డు మీద కంప్యూటరు ఎలా వెలుగుతోందని అడగడం వాడు లిఫ్టు ఎక్కాక తోచింది. ఇక తప్పక మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనల్లుడికి ఫోన్ చేశాను.

ఇక్కణ్ణించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే వాడు ఇప్పుడు ఊరంతా వేరేగా చెబుతున్నాడు.

స్పీకరు ఆన్ చేసి ఫోను మా ఆవిడ చేతికిచ్చాను. వాడు ఏదో నములుతూ మాట్లాడుతున్నాడు. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ తెరవమన్నాడు, తెరిచాను. నల్లటి పెట్టె వచ్చింది.

‘‘ఇప్పుడు టాప్ కొట్టు మామయ్యా.’’

‘‘దేని టాపురా?’’

‘‘సిస్టమ్‌దే. ఏది ఎక్కువ తింటోందో తెలిసిపోతుంది. సింపుల్.’’

మా తరంవాళ్ళకి ఈ మాటలో వింతేమీ కనపడదు. కొట్టడం అనేది మాకు హింస కాదు, మరమ్మతు. మా నాన్నగారి హయాంలో మా ఇంట్లో చెక్కతలుపుల టీవీ ఒకటుండేది. వార్తల మధ్యలో బొమ్మ గిర్రున పైకి తిరిగేది. అప్పుడు నాన్నగారు లేచి, కండువా సర్దుకుని, టీవీకి ఎడమపక్క, వెనకనుంచి నాలుగు వేళ్ళ దూరంలో, అరచెయ్యి కాస్త గుంటచేసి ఒక్కటిచ్చేవారు. బొమ్మ బుద్ధిగా నిలబడేది. ఆ దెబ్బ ఆయన కొడితేనే పనిచేసేది. ఓసారి మా బాబాయి కొడితే తెరమీద ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అని వచ్చింది. ఆ అంతరాయం ఢిల్లీదో, హైదరాబాదుదో అయి ఉంటుందిగానీ మా బాబాయి చచ్చేదాకా ఆ నింద మోశాడు. దీని వెనకాల శాస్త్రం కూడా ఉంది. లోపల ఎక్కడో సోల్డరింగు వదులైతే, దెబ్బ అదురుకి తీగ మళ్ళీ వెళ్ళి తగులుతుంది. కాబట్టి మేనల్లుడు టాప్ కొట్టమన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. పైగా, నాలుగేళ్ళు ఇంజినీరింగు చదివి వీడు కూడా చివరికి తాతగారి దారికే వచ్చాడని మనసులో మురిశాను.

సీపీయూ పెట్టె నెత్తిన చిన్న ఇత్తడి వినాయకుడు ఉన్నాడు. పెట్టెకి దసరానాటి పసుపు కుంకుమ బొట్టు ఇంకా అలాగే ఉంది. వినాయకుణ్ణి పక్కకి జరిపి, అరచెయ్యి గుంటచేసి, మర్యాదగా ఒకటి కొట్టాను.

‘‘కొట్టాను.’’

‘‘కొట్టి ఎంటర్ నొక్కావా?’’

నొక్కాను. నల్లపెట్టెలో ఏమీ మారలేదు.

‘‘ఏమొచ్చింది?’’

‘‘దుమ్మొచ్చింది.’’

వాడు అది వినిపించుకోలేదు. ‘‘పెద్దవి కొట్టి ఉంటావు. పెద్దవి కొడితే తీసుకోదు మామయ్యా, లినక్స్ కదా. మూడూ చిన్నవే కొట్టు. మధ్యలో గ్యాప్ ఇవ్వకు.’’

మీరే చెప్పండి. మూడు కొట్టాలి. మూడూ చిన్నవి అయి ఉండాలి. మధ్యలో గ్యాప్ ఇవ్వకూడదు. మృదంగం మాస్టారు కూడా ఇంత స్పష్టంగా చెప్పరు. నేను కుర్చీ వెనక్కి జరిపి, లేచి నిలబడి, టక టక టక అని మూడు చిన్నవి వేశాను. ఎంటర్ నొక్కాను. ఏమీ లేదు.

‘‘ఏమండీ,’’ అంది మా ఆవిడ, ‘‘దసరాకి బొట్టుపెట్టిన దాన్ని కొడతారా?’’

‘‘వాడే కొట్టమంటున్నాడు. వినపడటం లేదూ?’’

‘‘మళ్ళీ కొట్టు మామయ్యా,’’ అన్నాడు వాడు. ‘‘కీ సరిగా పడుతున్నట్టు లేదు. కొంచెం గట్టిగా కొట్టు.’’

కీ అనే మాట ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ నిమిషంలో నాకు వినపడింది ‘గట్టిగా’ ఒక్కటే. రెండు నెలల ఎద్దుబండి, ముప్ఫైవేల నాలుగువందల నాలుగో ఫ్లాటు, పదకొండు నవ్వు బొమ్మలు, మదర్‌బోర్డు అయిదు వందలు, అన్నీ చేతిలోకి దిగాయి. గుంటచెయ్యి మరిచిపోయి పిడికిలి బిగించి వేశాను. పెట్టె బల్లమీద బెత్తెడు జరిగింది. వినాయకుడు ఎగిరి కీబోర్డు మీద పడ్డాడు. వెనకాల పవర్ వైరు వదులై తెర చీకటైపోయింది.

‘‘మామయ్యా, ఏంటా చప్పుడు?’’

‘‘నువ్వు గట్టిగా కొట్టమన్నావుగా!’’

అటువైపు నమలడం ఆగింది. తర్వాత నవ్వు మొదలైంది. ఒక్కరి నవ్వు కాదు. వాడి ఫోను కూడా స్పీకర్లోనే ఉందని, రూమ్మేట్లు ఇద్దరు మొదటినుంచీ వింటున్నారని నాకు అప్పుడే తెలిసింది. వాళ్ళలో ఒకడు ‘‘అంకుల్, టీ, ఓ, పీ’’ అన్నాడు, ఎల్‌కేజీ పిల్లాడికి చెప్పినట్టు.

ఇంతలో కాలింగ్ బెల్లు. కింద 203 ఆయన, లుంగీలో, కళ్ళు ఎర్రగా. ‘‘పైన మేస్త్రీలు దిగారాండీ? ఆదివారం ఒంటిగంటనుంచి నాలుగుదాకా శబ్దాలు చెయ్యకూడదని కదా నోటీసు?’’ ఆ నోటీసు కింద సంతకం నాదే. కొత్త పని కాదండీ, కంప్యూటరు బాగుచేస్తున్నానని చెప్పాను. ఆయన నా వెనకాల వినాయకుణ్ణి కళ్ళకద్దుకుంటున్న మా ఆవిడని చూసి, ఇంకేమీ అడక్కుండా దిగిపోయాడు. ఆయన ఏమనుకున్నాడో ఊహించుకుంటే చేతికంటే అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

వైరు నొక్కి మళ్ళీ ఆన్ చేశాను. ఎప్పటిలాగే తెర మూలన ఓ చిన్న పెట్టె వచ్చింది. ఎప్పటిలాగే దాన్ని మూసేయబోయాను. ‘‘ఆగండి’’ అని మా ఆవిడ ఫోనులోకి దాన్ని పైకి చదివింది. వీడియో డ్రైవర్లు (గ్రాఫిక్స్ కార్డు చేత పనిచేయించే ప్రోగ్రాములు) చూసుకోండి, సినమన్ సాఫ్ట్‌వేర్ రెండరింగ్ మోడ్‌లో నడుస్తోంది, హార్డ్‌వేర్ సాయం లేదు, అందువల్ల సీపీయూ వాడకం మామూలుకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు, అని దాని సారం.

బెంగళూరు నిశ్శబ్దమైపోయింది.

‘‘ఇది ఎప్పట్నించి వస్తోంది మామయ్యా?’’

‘‘రోజూ వస్తుంది. ఏదో అడ్వర్టయిజ్‌మెంటని మూసేస్తుంటాను.’’

‘‘రోజూనా!’’

రోజూనే. ఒప్పుకుంటున్నాను. విండోసులో పదేళ్ళు మూలన వచ్చే ప్రతి పెట్టెనీ చదవకుండా మూసే అలవాటు అబ్బింది. ఇది పాపం రెండు నెలలుగా రోగం పేరు, కారణం, లక్షణం అన్నీ చీటీ రాసి చేతిలో పెడుతుంటే నేను ఉండచుట్టి పారేస్తున్నాను. అది నా తప్పే. కానీ కథ ఇక్కడితో అయిపోలేదు.

టీ, ఓ, పీ కొట్టించాడు. ఏ ప్రోగ్రాము ప్రాసెసరుని ఎంత తింటోందో చూపించే ఆజ్ఞ అట అది. వరసగా పేర్లు దిగాయి. మొట్టమొదట సినమన్, 180 శాతం. నూటికి నూట ఎనభై ఎలా తింటుందిరా అని అడిగాను. ప్రాసెసరులో ఒక్కో కోరుకి, అంటే ఒక్కో పనివాడికి, నూరట, మనది నాలుగు కోర్లు కాబట్టి నాలుగు వందలదాకా పోవచ్చట. ఈ రకం లెక్క నేను అసోసియేషన్ మీటింగులో చూపిస్తే నాకు ఇంకో చెయ్యి కూడా నొప్పి పుట్టేది. సరే, అసలు సంగతి ఏమిటంటే, తెరమీద బొమ్మ గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డు. దాన్ని ఎవరూ పిలవలేదు. పెళ్ళికి కుదిర్చిన వంటవాడు పందిట్లో కుర్చీ వేసుకుని కిళ్ళీ నములుతుంటే, పెళ్ళికూతురి తండ్రి పంచె ఎగ్గట్టి గాడిపొయ్యి దగ్గర అన్నం వారుస్తున్నాడన్నమాట. ప్రాసెసరు అదే, పాపం.

వంటవాణ్ణి ఎందుకు పిలవలేదు? దానికి వాడు ఒక ఫైలు తెరిపించాడు. అందులో ఒక వరసలో ‘నోమోడ్‌సెట్’ అని ఒక మాట ఉంది. గ్రాఫిక్స్ కార్డు జోలికి పోవద్దని కంప్యూటరు ఆన్ అవుతుండగానే దానికి చెప్పే మాట అట. కొత్తగా లినక్స్ వేసేటప్పుడు తెర నల్లగా ఉండిపోతే, ఆ గండం గట్టెక్కడానికి తాత్కాలికంగా పెడతారట. పని అయ్యాక సరైన డ్రైవరు వేసి తీసెయ్యాలట.

‘‘ఇది ఎవరు పెట్టారు మామయ్యా?’’ అన్నాడు వాడు.

ఎవరు పెట్టారు! నేనా? 203 ఆయనా? భోగినాడు ఇదే కుర్చీలో వీడు కూర్చుని, తెర నల్లబడితే నాలుక కరుచుకుని ఏదో టకటకా కొట్టడం, తెర వెలగగానే ‘‘సింపుల్’’ అనడం, వంటింట్లోంచి మా అక్క ‘‘గారెలు చల్లారిపోతున్నాయిరా’’ అని అరవడం, వీడు ‘‘మిగతాది తర్వాత చూస్తా మామయ్యా’’ అని లేచిపోవడం, ఇదంతా నా కళ్ళముందే జరిగింది. ఆ తర్వాత పద్నాలుగు గారెలు తిన్నాడు. తిన్నవాడు తిన్నట్టు బస్సెక్కి వెళ్ళాడు.

అదే అన్నాను. ‘‘అవునా? ఏమో మామయ్యా, గుర్తులేదు. సరే, అది తీసేస్తే సింపుల్’’ అన్నాడు.

డ్రైవర్ మేనేజర్‌లో ఏదో టిక్కు పెట్టించాడు, ఫైల్లో ఆ మాట తీయించాడు, ఇంకో ఆజ్ఞ కొట్టించాడు, రీస్టార్ట్. ఇప్పుడు కిటికీ మౌసు వేలు పట్టుకుని నడుస్తోంది. 304 కొడితే 304 వస్తోంది. మూలన పెట్టె రావడం మానేసింది. ఒక రకంగా అది లేకపోతే బోసిగా ఉంది.

నా వాదన ఒక్కటే. ఆ పిడికిలి దెబ్బ పడకపోతే కంప్యూటరు ఆగేది కాదు, ఆగకపోతే ఆ పెట్టె మళ్ళీ వచ్చేది కాదు, రాకపోతే మా ఆవిడ చదివేది కాదు. కాబట్టి దీన్ని బాగుచేసింది నేను. ఈ మాట సాయంత్రం మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేలోపే, వాడు అంతా ఆడియో చేసి పంపేశాడు. రూమ్మేట్ల నవ్వు వెనకాల వినిపిస్తోంది. భోగి సంగతి, గారెల సంగతి అందులో ఒక్క ముక్క లేదు. మా తోడల్లుడు, జన్మలో నాకు ఒక శుభాకాంక్ష పంపనివాడు, మృదంగం బొమ్మ పెట్టాడు.

ఇది రాస్తుండగా ఫోను మోగుతోంది. మా అక్క. ఎత్తగానే ఆవిడ మొదటి మాట ఏమిటో నాకు తెలుసు. ‘‘ఏరా, కొట్టావా?’’ అంటుంది.

మోగనీ.