పేరు లేని ఓడలకు పెద్దదిక్కు

యుద్ధనౌక అనగానే మనకు విమానవాహక నౌకో, జలాంతర్గామో గుర్తొస్తుంది. సైనికుల్ని, ట్యాంకుల్ని మోసుకెళ్లి శత్రువు ఒడ్డున దించే ఓడ ఎవరికీ తట్టదు. అమెరికాలో అలాంటి ఓడల మీద పనిచేసినవాళ్లు 1980ల్లో సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు యునైటెడ్ స్టేట్స్ ఎల్‌ఎస్‌టీ అసోసియేషన్. ఎల్‌ఎస్‌టీ అంటే ల్యాండింగ్ షిప్, ట్యాంక్; ట్యాంకుల్ని నేరుగా ఒడ్డున దించే ఓడ. మాజీ సైనికులకు అన్ని సంఘాలుండగా ఒక రకం ఓడవాళ్లకు విడిగా ఇంకొకటి ఎందుకని అనిపించవచ్చు. వాళ్లు పడ్డ కష్టం తెలిస్తే ఆ ప్రశ్న రాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వెయ్యికి పైగా ఎల్‌ఎస్‌టీలు కట్టింది. అప్పట్లో వాటికి పేర్లు పెట్టలేదు, నంబర్లతోనే సరిపెట్టారు. ఒక్కోటి 328 అడుగుల పొడవు, అడుగుభాగం బల్లపరుపు. నడిసముద్రంలో ఊగిపోకుండా, బరువు కోసం ఉండే బ్యాలస్ట్ ట్యాంకుల నిండా నీళ్లు నింపుకుని వెళ్లేవి. ఒడ్డు దగ్గర పడగానే ఆ నీళ్లు తోడేసి ఓడను పైకి తేల్చేవారు. ఇసుకను తాకకముందే వెనక లంగరు వదిలేవారు. ముందు తలుపులు తెరుచుకుని, ర్యాంప్ వాలి, ట్యాంకులన్నీ దిగిపోయాక, లంగరు కేబుల్‌ను చుట్టుకుంటూ ఓడ వెనక్కి జరిగి నీళ్లలో పడేది. అప్పటిదాకా ఫిరంగులకు ఎదురుగా కదలకుండా ఉండాల్సిందే. ఆ టెన్షన్ అనుభవించినవాళ్లలో చాలామందికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఇంతకన్నా బరువైన సంగతి ఇంకొకటుంది. 1944 ఏప్రిల్ 28న ఇంగ్లండ్ తీరంలో, ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద దాడికి రిహార్సల్ జరుగుతుండగా జర్మన్ టార్పెడో బోట్లు విరుచుకుపడి రెండు ఎల్‌ఎస్‌టీలను ముంచేశాయి. దాదాపు 750 మంది పోయారు. నెల తిరక్కుండానే, మే 21న, పెర్ల్ హార్బర్‌లోని వెస్ట్ లాక్‌లో పేలుడు జరిగి ఆరు ఎల్‌ఎస్‌టీలు మునిగిపోయాయి, 160 మందికి పైగా చనిపోయారు. ఈ రెండింటినీ రహస్యంగా ఉంచారు. బతికి బయటపడ్డవాళ్లను నోరు విప్పొద్దన్నారు. కళ్లముందే స్నేహితుడు నీళ్లలో కలిసిపోతే ఆ మాట ఇంట్లో కూడా చెప్పుకోలేని బతుకు అది. పరేడ్లు, పతకాలు ఆ బాధకు మందు కాదు. అదే రకం డెక్ మీద నిలబడ్డ ఇంకో మనిషి పక్కన కూర్చుంటేనే నోరు పెగులుతుంది. ఈ సంఘం చేసిన మొదటి మేలు అదే.

అయితే కలుసుకుని జ్ఞాపకాలు చెప్పుకోవడంతోనే సరిపెట్టుకునే సంఘానికి సభ్యుల ఆయుష్షే తన ఆయుష్షు. ఎల్‌ఎస్‌టీ నావికుల్లో కొందరు ఒక పని తలకెత్తుకున్నారు. 1964లో గ్రీస్‌కు ఇచ్చేసిన ఎల్‌ఎస్‌టీ-325 అక్కడ సర్వీసు ముగించుకుని పడి ఉంది. సిసిలీ, సలెర్నో, నార్మండీ దాడులు చూసిన ఓడ అది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ముసలివాళ్లు గ్రీస్ దీవి క్రీట్‌కు వెళ్లి, తుప్పు గోకి, ఇంజిన్లు బాగుచేసుకున్నారు. రాబర్ట్ జోర్న్‌లిన్ కెప్టెన్‌గా, సగటు వయసు 72 ఏళ్లున్న సిబ్బంది చలికాలంలో అట్లాంటిక్ దాటి, 2001 జనవరి 10న అలబామాలోని మొబైల్ రేవు చేరుకున్నారు. తాతలైన మనుషులు ఇంజిన్ రూములో వంతులవారీగా డ్యూటీ చేశారు. ఒడ్డున కూర్చుని వాళ్లను పిచ్చివాళ్లనడం సులువే. నా దృష్టిలో మాజీ సైనికుల సంఘాల చరిత్రలో అంతకన్నా గొప్ప పని లేదు.

ఆ ఓడ ఇప్పుడు ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్‌లో, ఒహాయో నది ఒడ్డున మ్యూజియంగా ఉంది. యుద్ధకాలంలో ఆ ఊరి షిప్‌యార్డ్ 167 ఎల్‌ఎస్‌టీలు కట్టింది. ఓడ ఇప్పటికీ నదుల మీద ప్రయాణిస్తుంది, వలంటీర్లే నడుపుతారు. నడిచే ఓడకు మెకానిక్కు కావాలి, వెల్డర్ కావాలి, వంటవాడు కావాలి. కాబట్టి యుద్ధం చూడని కుర్రాళ్లకూ అక్కడ చోటుంది.

ఈ కథకు మన విశాఖతో చుట్టరికం ఉంది. తూర్పు నౌకాదళంలోని ఐఎన్‌ఎస్ జలాశ్వ కూడా సైనికుల్ని మోసుకెళ్లి ఒడ్డుకు చేర్చే ఓడే, ఒకప్పటి అమెరికా ఓడ ట్రెంటన్. 1971లో అక్కడ సేవలో చేరి, 2007లో మన చేతికొచ్చింది. 2020 మేలో మాల్దీవుల నుంచి ఒకే విడతలో 698 మంది భారతీయుల్ని కొచ్చి చేర్చింది. అంత చేసినా ఆ ఓడ పేరు విశాఖలోనే ఎంతమందికి తెలుసు? ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడనివాళ్లు అరుదు. ట్యాంకులు, బాధితులు, బియ్యం బస్తాలు మోసే ఓడలకు మాత్రం ఆ గుర్తింపు లేదు. అలాంటివే మన నౌకాదళంలోని ఐఎన్‌ఎస్ మగర్ 2023లో రిటైరైంది, గుల్దార్ 2024లో.

జలాశ్వ కూడా యాభై ఏళ్లు దాటింది. ఆ డెక్ మీద పనిచేసిన తెలుగు నావికుల మాటల్ని వాళ్లకు ఓపిక ఉండగానే రికార్డు చేయాలి. ట్రెంటన్‌లో పనిచేసిన అమెరికన్లనూ కలుపుకోవాలి, ఇద్దరిదీ ఒకటే ఓడ కదా. రేపు ఆ ఓడను తుక్కుకు పంపాలా, ఉంచాలా అన్నది ఢిల్లీలో తేలుస్తారు. ఆ చర్చలో దాన్ని నడిపినవాళ్ల మాట చెల్లాలంటే వాళ్లు ఇప్పుడే ఒక్కటవ్వాలి.