బొడ్డుతాడు తాయెత్తు స్టెమ్ సెల్ బ్యాంకు కాదు

“మన పూర్వీకులు బిడ్డ బొడ్డుతాడును తాయెత్తులో పెట్టి మొలకు కట్టేవాళ్ళు. పైకి దిష్టి అన్నా, అసలు సంగతి స్టెమ్ సెల్స్ దాచడం. పెద్దయ్యాక ప్రాణం మీదికొస్తే ఆ తాయెత్తు విప్పి, అరగదీసి తాగించేవారు. ఇప్పుడు లక్షలు పోసి చేయించుకునేది అదే!” వాట్సాప్‌లో ఏళ్ళుగా తిరుగుతున్న మెసేజ్ సారం ఇది. తాయెత్తు ఆచారం నిజం. బొడ్డుతాడులో స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా మారగలిగే మూలకణాలు) ఉంటాయన్నదీ నిజమే. ఆ రెంటికీ వేసిన ముడే అబద్ధం.

ముందు, దాచేదేమిటో చూద్దాం. తాడు కోశాక బిడ్డ పొట్ట మీద రెండు మూడు సెంటీమీటర్ల ముక్క మిగులుతుంది. తాయెత్తులోకి వెళ్ళేది అదే, అదీ ఊడిపోయాక. డబ్బు తీసుకుని స్టెమ్ సెల్స్ దాచిపెట్టే బ్యాంకులు తీసుకునేది వేరు, బొడ్డుతాడు రక్తం. కోసిన తాడు రెండో కొస మావి వైపు ఉంటుంది. ఆ వైపు సిరలోకి సూది గుచ్చి, గడ్డకట్టకుండా మందు కలిపిన సంచిలోకి సుమారు 80–100 మిల్లీలీటర్ల రక్తం దింపుతారు. కాన్పయిన కొద్ది నిమిషాల్లోనే ఆ పని అయిపోవాలి. మరి మన ఇళ్ళల్లో ఆ మావిని ఏం చేసేవారు? గొయ్యి తీసి పూడ్చేవారు. మెసేజ్ లెక్కనే చూసినా, దాచాల్సింది పూడ్చి, పూడ్చాల్సింది దాచారన్నమాట.

ఇక ఊడిన ముక్క. కోసిన కాసేపటికే తాడులోని రెండు ధమనులు, ఒక సిర మూసుకుపోతాయి. నెత్తురు అందని ఆ ముక్క నీరు వదిలి, గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిరిగి, సాధారణంగా 5 నుంచి 15 రోజుల్లో రాలుతుంది. చేతిలోకి తీసుకుంటే ఎండుమిరప తొడిమలా గట్టిగా తగులుతుంది. అందులో ప్రాణం పోయింది కాబట్టే అది ఊడింది.

“వెండి రేకు, ఒంటి వేడి కణాలను కాపాడతాయి” అని కొన్ని మెసేజ్‌లలో తోక కూడా ఉంటుంది. కణం బతకాలంటే ఏం కావాలో చూడండి. రక్తం 48 గంటల్లోపు ల్యాబుకు చేరాలి. ఎర్రకణాలు, ప్లాస్మా చాలావరకు తీసేసి, డీఎంఎస్‌ఓ అనే ద్రవం 10 శాతం దాకా కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పెడతారు. డీఎంఎస్‌ఓ లేకపోతే కణంలోని నీరే సూదుల్లాంటి మంచై లోపలినుంచి చీల్చేస్తుంది. మొలతాడు దగ్గర ఉండేది ఒంటి వేడి, చెమట, రోజూ స్నానం నీళ్ళు. తాయెత్తు మూతకు వేసిన లక్క కాస్త పగిలిందంటే లోపల పట్టేది బూజే.

అరగదీసి తాగించడం గురించి చెప్పేది తక్కువే. కడుపులోకి వెళ్ళిన కణం మాంసం ముక్కలాగే అరిగిపోతుంది. ఎక్కించాలంటే సిరలోకే ఎక్కించాలి, అదీ రోగి బరువులో కిలోకు కనీసం రెండున్నర కోట్ల కణాల లెక్కన. పెద్దవాళ్ళకు ఒక్క సంచి చాలా సందర్భాల్లో చాలదు.

ఇంకో సంగతి ప్రైవేటు బ్యాంకుల ప్రకటనలు నమ్మేవాళ్ళకు కూడా. 1988లో పారిస్‌లో జరిగిన మొట్టమొదటి బొడ్డుతాడు రక్తం మార్పిడిలో, ఫాంకోని ఎనీమియా (ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జన్యుజబ్బు) ఉన్న బాబుకు ఎక్కించింది అతని సొంత రక్తం కాదు, చెల్లెలు పుట్టినప్పుడు తీసి దాచిన రక్తం. పుట్టుకతో వచ్చిన జన్యులోపం బిడ్డ సొంత కణాల్లోనూ ఉంటుంది మరి. “ఎందుకైనా మంచిది” అని సొంతానికి దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది.

దిష్టికని కట్టుకునేవాళ్ళు దిష్టికనే కట్టుకోవచ్చు, సైన్సు సర్టిఫికెట్ అక్కర్లేదు. ఊడేదాకా మాత్రం బొడ్డు పొడిగా ఉండాలి. పసుపు, నూనె, బూడిద, పేడ ఏదీ రాయొద్దు. పేడలో ధనుర్వాతం క్రిములుంటాయి. డైపర్ అంచును బొడ్డు కిందికి మడవాలి. వేలాడుతోందని లాగొద్దు. చుట్టూ ఎర్రబడినా, చీము, దుర్వాసన వచ్చినా, మూడు వారాలైనా ఊడకపోయినా డాక్టరుకు చూపించాలి. ఊడిన ముక్కను బాగా ఆరనిచ్చి డబ్బీలో వేసి బీరువాలో పెట్టుకోండి. బిడ్డ మెడలో మాత్రం తాయెత్తు కట్టొద్దు. నిద్రలో తాడు బిగుసుకోవచ్చు, నోట్లో పెట్టుకుంటే మూత ఊడి గొంతుకు అడ్డం పడొచ్చు.